తెరుచుకునే రాత

ఇంట్లోని పాత కంప్యూటర్‌కు విండోస్ బదులు లైనక్స్ ఎక్కించడం ఒక పూట పని. అందులో ఏళ్ల తరబడి పోగేసుకున్న నా రాతల్ని మళ్లీ చదవగలిగేలా చేసుకోవడానికి మాత్రం నెలలు పట్టింది, ఇంకా పూర్తి కాలేదు. మొదటి పని గురించి ఊళ్లో చాలామంది అడిగారు. రెండో పని గురించి అడిగినవాళ్లు లేరు. నాకు తెలిసొచ్చిందంతా ఆ రెండో పనిలోనే.

మాది జైనూర్. ఉట్నూరు నుంచి ఆసిఫాబాద్ పోయే దారిలో, కెరమెరి ఘాట్ దిగకముందే వస్తుంది. 2016 అక్టోబర్ దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉన్నాం, ఆ తర్వాత కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోకి వచ్చాం. సంతలో కాసేపు నిలబడితే గోండి, మరాఠీ, ఉర్దూ, లంబాడీ, తెలుగు అన్నీ చెవిన పడతాయి. మండలంలోనే మార్లవాయి ఉంది. 1940లలో మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ దంపతులు కాపురమున్న ఊరు. 1943లో గోండు పిల్లల చదువు కోసం పంతుళ్లకు శిక్షణ మొదలైన ఊరు. గుస్సాడీ ఆటకు పద్మశ్రీ తెచ్చిన కనకరాజు గారి ఊరు. ఇటువంటి చోట బడిపంతులుగా బతికినవాడు కాగితమూ కలమూ దగ్గర పెట్టుకోకుండా ఉండలేడు. దండారి పాటలు, గోండుల కథకులైన ప్రధాన్లు కిక్రి వాయిస్తూ చెప్పే దేవుళ్ల కథలు, కుమురం భీం పోరాడిన జోడేఘాట్ గురించి ముసలివాళ్లు చెప్పుకునే ముచ్చట్లు, ఏది వినబడితే అది రాసుకున్నాను. గోండి మాటను తెలుగు లిపిలో రాసి, దాని కింద తెలుగులో అర్థం రాసేవాణ్ణి. మొదట నోటుబుక్కుల్లో, తర్వాత డీటీపీ నేర్చుకుని కంప్యూటర్లో.

ఆ కంప్యూటర్ విండోస్ 10 మీద నడిచేది. 2025 అక్టోబర్ 14తో దానికి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ఆపేసింది. అంటే మెషీన్ ఆగిపోదు, భద్రతకు సంబంధించిన మరమ్మతులు రావడం ఆగిపోతుంది. విండోస్ 11కు మారదామంటే దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే మామూలుగా ఎనిమిదో తరానికి తగ్గకూడదు. నాది అంతకంటే పాతది. ర్యామ్ 4 జీబీ. రాసుకోవడానికీ, పాటల రికార్డింగులు వినడానికీ ఏ లోటూ లేని మెషీన్.

ఇంజనీరింగ్ చదివే మా అల్లుడు సెలవులకు వచ్చినప్పుడు చూసి తేల్చేశాడు. "మామా, గీ సిస్టంకు ఏం రోగం లేదు. పదకొండు ఎక్కదు, గంతే. లైనక్స్ ఏస్కో, ఇంకా మస్తు ఏండ్లు నడుస్తది."

"మరి నా తెలుగు సంగతేందిరా?"

"తెలుగు మంచిగనే వస్తది. నువ్వు కొట్టే ఆపిల్ కీబోర్డు సుత దొర్కుతది."

ఆ మాటతో నాకు ధైర్యమొచ్చింది. డీటీపీ చేసినవాళ్లకు తెలుసు, ఏ అక్షరం ఏ మీటలో ఉందో బుర్రకు కాదు, వేళ్లకు గుర్తుంటుంది. కొత్త కీబోర్డు పద్ధతి నేర్చుకోమంటే సగం మంది అక్కడే వెనక్కి తగ్గుతారు. లైనక్స్‌లో తెలుగు టైపు చేయడానికి ఇన్‌స్క్రిప్ట్ ఉంది, ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే ఆర్‌టీఎస్ ఉంది, డీటీపీ షాపుల్లో అందరూ ఎరిగిన ఆపిల్ పద్ధతీ ఉంది. డబ్బులు పెట్టి కొనేది ఏదీ లేదు.

ఎక్కించిన తీరు చెప్పాలంటే పెద్దగా ఏమీ లేదు. లైనక్స్ మింట్ అనే రకాన్ని వాడు పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు. మూడు జీబీలకు కాస్త తక్కువ. జైనూర్ నెట్‌తో అది దించుకోవాలంటే ఓపిక ఉండాలి, వాడు కాలేజీలోనే దించుకొచ్చాడు. పెన్‌డ్రైవ్ పెట్టి కంప్యూటర్ ఆన్ చేస్తే, హార్డ్ డిస్క్‌ను ముట్టకుండానే సిస్టం మొత్తం పెన్‌డ్రైవ్ మీద నుంచి నడిచింది. ముందు వాడి చూసి, నచ్చితే ఎక్కించుకోవచ్చు. ప్రింటర్, స్పీకర్లు, వైఫై ఏది పనిచేస్తుందో ఏది చేయదో అక్కడే తేలిపోతుంది. ఎవరైనా నన్ను అడిగితే ఇదొక్కటి గట్టిగా చెబుతాను, ఎక్కించే ముందు ఒక రోజంతా అలా నడిపి చూడండి అని. అదే పెన్‌డ్రైవ్ పక్కింటివాళ్లకు ఇవ్వొచ్చు, బడికి ఇవ్వొచ్చు, పది కాపీలు తీసి పంచొచ్చు. లైసెన్సే ఆ హక్కు ఇస్తుంది. మా వైపు షాపుల్లో ఫార్మాట్ కొట్టి ఎక్కించే విండోస్‌కు బిల్లు అడిగిన మనిషిని నేనింతవరకు చూడలేదు. పిల్లలకు పాఠం చెప్పే ఇంట్లో ఆ దొంగ కాపీ ఉండటం నాకెప్పుడూ ముల్లులా గుచ్చుకునేది. ఆ బాధ తీరింది.

మరుసటి రోజు పాత ఫైళ్లు తెరిచాను.

ఒక్క తెలుగు అక్షరం లేదు. పేజీ నిండా నెత్తిన గీతలూ చుక్కలూ ఉన్న ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్ లాంటి గుర్తులు, లెక్కల పుస్తకంలో కనిపించే చిహ్నాలు. కొమ్ము ఉండాల్సిన చోటల్లా అడ్డంగా పడుకున్న ఎనిమిది అంకె. సున్న ఉండాల్సిన చోట ఇంగ్లిష్ ఓ అక్షరం. పేజీలో ఆ పడుకున్న ఎనిమిదులు ఎన్ని ఉన్నాయంటే, కాసేపటికి నేను వాటిని బట్టే వాక్యాలు గుర్తుపట్టడం మొదలుపెట్టాను, ఇక్కడ 'కు' ఉండాలి, ఇక్కడ 'ము' ఉండాలి అని.

దీని వెనక సంగతి తెలిస్తే ఎవరినీ తప్పుపట్టలేం. ప్రపంచంలోని అన్ని లిపులకూ అక్షరానికో సంఖ్య చొప్పున ఇచ్చే యూనికోడ్ 1991లో వచ్చింది, తెలుగు మొదటి కూర్పులోనే ఉంది. కానీ అది మామూలు కంప్యూటర్లలోకి, ముఖ్యంగా అచ్చుపని చేసే సాఫ్ట్‌వేర్లలోకి చేరడానికి చాలా ఏళ్లు పట్టింది. ఈలోగా పత్రికలు ఆగవు, పెళ్లిపత్రికలు ఆగవు, కరపత్రాలు ఆగవు. అందుకని అను, శ్రీలిపి లాంటి ఫాంట్లు ఒక ఉపాయం చేశాయి. ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన గళ్లలో తెలుగు అక్షరాల ముక్కల బొమ్మలు పెట్టాయి. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, వొత్తు ఒక ముక్క. 'మ' రాయాలంటే 'వ' ఆకారం పక్కన కొమ్ము చేర్చాలి. తెర మీద, కాగితం మీద చక్కటి తెలుగే కనిపిస్తుంది. కంప్యూటర్‌కు మాత్రం అది తెలుగని తెలియదు, ఆ ఫాంట్ తీసేస్తే తెలుగు పోతుంది. తెలుగు ప్రచురణ రంగం మొత్తం రెండు మూడు దశాబ్దాలు ఈ ఉపాయం మీదే నడిచింది. మనం చదివిన పుస్తకాల్లో ఎన్ని ఇలా తయారయ్యాయో లెక్క లేదు. నా ఫైళ్లూ అలాంటి ఒక ఫాంట్‌లో కొట్టినవే. అప్పట్లో అంతకు మించిన దారి మాకు తెలియదు, మా ఊరికి రాలేదు కూడా.

అయితే ఆ పేజీ ముందు కూచున్నప్పుడు ఒక సంగతి మనసును పట్టుకుంది. హార్డ్ డిస్క్ నాది. రాసిన చెయ్యి నాది. మాట ఇచ్చినవాళ్లు నా ఊరివాళ్లు. ఫైలు చెడిపోలేదు, ఒక్క అక్షరం పోలేదు. అయినా దాన్ని చదవాలంటే ఒక ఫలానా ఫాంట్, అది నడిచే ఒక ఫలానా సాఫ్ట్‌వేర్, ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కే ఒక ఫలానా కాలపు విండోస్ ఉండాలి. ఈ గొలుసులో ఏ లంకె తెగినా నా రాత నాకు అందదు. రేపు నేను లేనప్పుడు ఎవరో ఒక పిల్లవాడు ఆ డిస్క్ తెరిస్తే వాడికి అసలే అందదు. అది తెలుగని కూడా వాడికి తెలియదు.

ఇలాంటిది మా పక్కనే ఒకసారి జరిగింది. మా పక్క మండలం నార్నూర్. అందులో గుంజాల అనే ఊరు. 2006లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం తరఫున ఆచార్య జయధీర్ తిరుమలరావు, ఆయన బృందం ఆ ఊరికి వెళ్లినప్పుడు గోండుల ఇళ్లలో చేతిరాత ప్రతులు బయటపడ్డాయి. తెలుగు కాదు, దేవనాగరి కాదు, వేరే లిపి. ఇప్పుడు దాన్ని గుంజాల గోండి లిపి అంటున్నాం. ఆ ప్రతుల్లో కొన్ని 1750 ప్రాంతానివని పరిశోధకులు లెక్కగట్టారు. కాగితాలు భద్రంగానే ఉన్నాయి, తరతరాలుగా దాచుకున్నారు. చదవగలిగినవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది, అందరూ వయసు మళ్లినవాళ్లు. ఇంకో ఇరవై ఏళ్లు ఆలస్యమై ఉంటే కాగితాలు మిగిలేవి, రాత మిగిలేది కాదు. ఆ సంగతి అప్పట్లోనే విన్నాను, సంతోషపడ్డాను. నా తెర మీద పడుకున్న ఎనిమిదులు చూస్తున్నప్పుడు గానీ అది నాకు కూడా వర్తించే విషయమని తట్టలేదు. ఆ ప్రతులకు రెండున్నర శతాబ్దాలు పట్టిన అవస్థకు నా ఫైళ్లు పదిహేను, ఇరవై ఏళ్లలో చేరుకున్నాయి.

లిపి మారడం ఇక్కడ కొత్త కాదు. మార్లవాయి శిక్షణ కేంద్రం రోజుల్లో గోండి వాచకాలు దేవనాగరిలో అచ్చయ్యాయి, ఎందుకంటే ఈ పక్క అప్పుడు చదువుకున్న కొద్దిమందికీ మరాఠీ పరిచయం. 1956లో ఆదిలాబాద్ ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది, బడి తెలుగైంది. తాత దేవనాగరిలో నేర్చుకుంటే మనవడు తెలుగులో నేర్చుకున్నాడు. ఇంట్లో మాట్లాడేది ఇద్దరూ ఒకే గోండి, ఒకరు రాసింది ఇంకొకరు చదవలేరు. 2011 జనగణన ప్రకారం దేశంలో గోండి తమ భాషగా చెప్పుకున్నవాళ్లు దాదాపు 30 లక్షలు. ఆరేడు రాష్ట్రాల్లో చెదిరి ఉన్నారు, ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రపు లిపి. ఇంతమంది ఉన్న భాషకు ఒకరి రాత ఇంకొకరికి అందకపోవడం కంటే పెద్ద నష్టం ఏముంటుంది?

అందుకే 2018 జూన్‌లో యూనికోడ్ 11.0లో గుంజాల గోండి లిపికి చోటు దొరకడం నాకు చిన్న విషయంగా అనిపించదు. 63 అక్షరాలూ గుర్తులూ. అంతకు ముందు ఏడాది, 2017లో, మసారం గోండి అనే మరో లిపి చేరింది. అది 1918లో ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్ వైపు మున్షీ మంగళ్‌సింగ్ మసారం రూపొందించిన లిపి. సంఖ్యలు దొరికాక ఫాంట్ కావాలి. గూగుల్ నోటో వరుసలో గుంజాల గోండికి ఫాంట్ వచ్చింది, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అనే లైసెన్స్‌తో. మా అల్లుడు దాన్ని నా కంప్యూటర్లో పెట్టాడు. గుంజాల లిపిలో నా పేరు కొట్టి చూపించాడు. నేను ఆ లిపి చదవలేను. అయినా అది తెర మీద బొమ్మగా కాకుండా అక్షరాలుగా ఉందని, వెతికితే దొరుకుతుందని, ఇంకో కంప్యూటర్లో కూడా అదే పేరుగా తెరుచుకుంటుందని తెలిసినప్పుడు ఒళ్లు జలదరించింది.

ఇక నా ఫైళ్ల మరమ్మతు. పాత ఫాంట్ల రాతను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు తెలుగువాళ్లే కొందరు రాసి ఉచితంగా పెట్టారు. అవి లేకపోతే ఈ వ్యాసం లేదు. ఫైలు మొత్తం ఎత్తి అందులో పోస్తే నిమిషంలో తెలుగు బయటికొస్తుంది. మొదటి పేజీ అలా వచ్చినప్పుడు, నేనెప్పుడో రాసుకున్న ఒక దండారి పాట ఎత్తుగడ తెర మీద కనబడగానే, కూడా ఉన్నవాళ్లు వినేలా పైకి చదివేశాను.

తర్వాత అసలు పని మొదలైంది. ముక్కల నుంచి అక్షరాలు కూర్చేటప్పుడు కన్వర్టర్ అక్కడక్కడ తడబడుతుంది. వొత్తు పక్క అక్షరానికి అంటుకుంటుంది, 'ఘ' కాస్తా 'ఫు' లా అయిపోతుంది, పొల్లు జారిపోతుంది. తెలుగు మాటల్లో ఇవి దిద్దుకోవడం తేలిక. చదువుతుంటేనే నాలుకకు తగులుతుంది, ఇది కాదు అది అని. చిక్కంతా గోండి మాటలతో. గోండిలో ఊరును నార్ అంటారు. పొల్లు జారితే అది 'నార' అవుతుంది. తెలుగు కన్నుకు అందులో ఏ తప్పూ కనిపించదు, జనపనార, కొబ్బరినార మనకు తెలిసిన మాటలే. దేవుడు పేన్. పొల్లు జారితే 'పేన'. ఇది తప్పని తెలియాలంటే గోండి రావాలి. నాకు కొంత వచ్చు. పాటల్లో వచ్చే పాత మాటలు రావు, అవి రాసుకున్నప్పుడే పక్కన అర్థం అడిగి వేసుకున్నవి. ఆ అర్థాన్ని పట్టుకుని మాటను వెనక్కి లాగాలి. కొన్నిచోట్ల నోటుబుక్కు దొరికింది, దాన్ని చూసి దిద్దాను. కొన్నిచోట్ల నోటుబుక్కు కూడా లేదు.

నోటుబుక్కు గురించి చెప్పాలి. వానకు తడిసి, అంచులు చెదలు తిని, పెన్సిల్ రాత వెలిసిపోయి ఉన్నా, దాన్ని తెరవడానికి నాకు దేని సాయమూ అక్కర్లేదు. కంప్యూటర్‌లో కొట్టడం అంటే భద్రపరచడం అని మేమందరం అనుకున్నాం, ఊళ్లో పెద్దలూ అలాగే నమ్మి మాటలు చెప్పారు. భద్రత రాత ఏ రూపంలో ఉందనే దాని మీద ఆధారపడుతుందని ఇప్పుడు తెలిసింది. యూనికోడ్‌లో మామూలు టెక్స్ట్ ఫైలుగా ఉన్న పాట ఏ కంప్యూటర్లోనైనా, ఏ ఫోన్లోనైనా తెరుచుకుంటుంది. ఆ పాట ఒక్కటీ అర పేజీ, కిలోబైట్లలో తేలిపోతుంది. దాన్ని తెరిచే ప్రోగ్రామ్ ఏ కంపెనీ మూతపడినా, ఏ మద్దతు ఆగిపోయినా ఉంటుంది, ఎందుకంటే దాన్ని ఎలా చదవాలో అందరికీ తెలిసేలా రాసి పెట్టారు.

లైనక్స్ నాకు ఇచ్చింది ఈ చూపు. చిత్రమేమంటే, పాత ఫైళ్లు అక్కడ తెరుచుకోలేదు కాబట్టే ఇది తెలిసింది. విండోస్‌లోనే ఉండి ఉంటే ఆ ఫాంట్ ఇంకొన్నాళ్లు నడిచేది, నేనూ అలాగే కొట్టుకుంటూ పోయేవాణ్ణి.

అక్షరాలు ఎవరి చేతిలో ఉన్నాయన్నది మాట వరసకు అనే మాట కాదు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లకు ఒక తెలుగు అక్షరం వస్తే మెసేజ్ యాప్‌లు కుప్పకూలిపోయాయి. అది 'జ్ఞా' అనే మన రోజువారీ అక్షరపు ఒకానొక కూర్పు. తెలుగు చూపించే కోడ్‌లో ఎక్కడో దోషం. ఆపిల్ ఆ నెలలోనే సరిచేసింది, ఆలస్యం చేయలేదు. కానీ ఆ రోజుల్లో కోట్లమంది తెలుగువాళ్లలో ఎంత నిపుణుడైనా ఆ కోడ్ తెరిచి చూడటానికి వీల్లేదు, ఎదురుచూడాల్సిందే. లైనక్స్‌లో తెలుగు వొత్తుల్ని, గుణింతాల్ని పేర్చి చూపించే పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చేస్తుంది. అదే ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రెఆఫీస్‌లో, ఆండ్రాయిడ్ ఫోన్లలో కూడా ఉంటుంది. దాని కోడ్ బయటే ఉంది. తెలుగు వచ్చినవాడికి ప్రోగ్రామింగ్ కూడా వస్తే, ఏ వొత్తు ఎక్కడ తప్పు పడుతుందో తనే చూసి చెప్పగలడు, దిద్ది పంపగలడు. నాకు ప్రోగ్రామింగ్ రాదు. మా బడిలో చదివిన పిల్లల్లో ఎవరికో ఒకరికి వస్తుంది, ఆ తలుపు వాళ్లకు తీసి ఉండాలి.

తెలుగువాళ్లు ఇందులో ఊరకే కూచోలేదన్నందుకు నాకు గర్వంగా ఉంటుంది. ప్రవాసంలో ఉన్న తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు యూనికోడ్ తొలిరోజుల్లోనే పోతన, వేమన ఫాంట్లు తయారుచేసి అందరికీ ఇచ్చేశారు. లైనక్స్‌లో డెబియన్ రకం వాడేవాళ్లకు అవి ఇప్పటికీ ప్యాకేజీగా దొరుకుతాయి. హైదరాబాద్ కేంద్రంగా 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ మెనూలతో సహా తెలుగులో కనిపించే ఆపరేటింగ్ సిస్టం తయారుచేసింది. ఎవరో ఫిన్లాండ్ కుర్రాడు లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లైనక్స్ పనికీ, దానికి ముందే 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ఉద్యమానికీ మన ఊళ్లతో ఏం సంబంధం అనుకుంటాం. వాళ్లు ఆ కోడ్‌ను తెరిచి ఉంచకపోతే ఇక్కడివాళ్లు దానికి తెలుగు తొడిగే వీలుండేది కాదు. కేరళలో ప్రభుత్వ బడుల కంప్యూటర్లు ఏళ్లుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద నడుస్తున్నాయి, పిల్లలు మలయాళంలో నేర్చుకుంటున్నారు. మా గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఆశ్రమ పాఠశాలల్లో అదే ఎందుకు జరగకూడదని నేను కనిపించిన ప్రతి అధికారినీ అడుగుతున్నాను, అడుగుతూనే ఉంటాను.

నెట్ సంగతి కూడా ఇందులో కలుస్తుంది. 2024 సెప్టెంబర్‌లో మా ఊళ్లో గొడవలై కర్ఫ్యూ పెట్టారు, ఇంటర్నెట్ ఆపేశారు. ఆ రోజుల బాధ వేరు, దాని గురించి రాయాల్సింది వేరే చోట. ఇక్కడ చెప్పాల్సింది ఇంతే. ఆన్‌లైన్‌లో దాచుకున్న ఏ కాగితమూ ఆ రోజుల్లో ఎవరికీ అందలేదు. మామూలు రోజుల్లో కూడా గాలివాన వస్తే సిగ్నల్ పోయే ప్రాంతం మాది. రాసుకున్నది ముందు ఇంట్లో ఉండాలి, ఆ తర్వాత ఎక్కడైనా ఉండొచ్చు.

ఇన్ని చెప్పాక, పనిచేయనివి దాచడం అన్యాయం. నా ప్రింటర్ ఒక పేరున్న కంపెనీది, జిరాక్స్ షాపుల్లో విరివిగా కనిపించే రకం. దాన్ని లైనక్స్‌తో నడిపించడానికి అల్లుడు చాలాసేపు తంటాలు పడ్డాడు. ఇప్పటికీ ఒక్కోసారి ఆఫ్ చేసి ఆన్ చేస్తే గానీ కదలదు. పేజ్‌మేకర్‌లో చేసిన పుస్తకాల లేఅవుట్ యథాతథంగా రాదు, పాఠం బయటికి తీసి లిబ్రెఆఫీస్‌లో మళ్లీ పేర్చుకోవాల్సిందే. సర్వీసు సెంటర్ నడిపే ఒక మిత్రుడు నన్ను చూసి మారదామనుకున్నాడు. వేలిముద్ర తీసుకునే పరికరం, డిజిటల్ సంతకం పెట్టే టోకెన్ అతని బతుకుతెరువు. అవి ఆడకపోతే అతని కొట్టు ఆగిపోతుంది. నేనే వద్దన్నాను, ఇంట్లో పిల్లల సిస్టంకు మాత్రం వేసుకోమన్నాను. రాసుకునేవాళ్లు, చదువుకునేవాళ్లు, పాటలు దాచుకునేవాళ్లు నిశ్చింతగా మారొచ్చు. ప్రభుత్వ పోర్టళ్లతో బతికేవాళ్లు ముందు తమ పరికరాలన్నీ పెన్‌డ్రైవ్ మీద పరీక్షించి చూడాలి.

మా ఇంటావిడకు మాత్రం ఏ మార్పూ పట్టలేదు. ఫైర్‌ఫాక్స్ అక్కడే ఉంది, యూట్యూబ్ అక్కడే ఉంది. "గప్పుడు లేటుగ తెర్సుకునేది, గిప్పుడు జల్ది తెర్సుకుంటున్నది, గంతేగద" అంది. పాత డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెట్టించినందువల్ల కూడా కావచ్చు, ఆ గొప్పంతా లైనక్స్ ఖాతాలో వేయను.

ఇప్పుడు రోజూ సాయంత్రం కొన్ని పేజీలు దిద్దుతున్నాను. కనకరాజు గారు 2024 అక్టోబర్‌లో పోయారు. ఆయన తరంలో ఆడినవాళ్లు, పాడినవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. నా ఫైళ్లలో తేలని మాటలు తేల్చగలిగినవాళ్లు వాళ్లే. అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నాం. తేలని పాటల్ని పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి పట్టుకుపోతాను. నేను పైకి చదువుతాను, వాళ్లు వింటూ ఎక్కడ తప్పిందో అక్కడ ఆపుతారు. వాళ్లింటి పిల్లలే ఫోన్లో రికార్డు చేస్తారు. ఒక పెద్దాయన మొన్న ఒక చరణం దగ్గర నన్ను ఆపి, నేను రాసుకున్న మాటే కాదు, దాని పక్కన వేసుకున్న అర్థం కూడా సరిగా లేదని చెప్పి, మొత్తం పాట మళ్లీ పాడి వినిపించాడు. కన్వర్టర్ తడబాటు పుణ్యమా అని ఆ చరణం ఇప్పుడు సరైంది.

దిద్దిన ప్రతి పాటా మామూలు టెక్స్ట్ ఫైలుగా పెడుతున్నాం. ఫైలు పేరులోనే ఊరు, పాట రకం, రాసుకున్న సంవత్సరం ఉంటాయి. పాడినవాళ్ల పేరు వాళ్లు ఒప్పుకుంటేనే లోపల వేస్తున్నాం. ఒక కాపీ నా దగ్గర, ఒకటి బడిలో, ఒకటి పాడినవాళ్ల ఇంట్లో ఎవరి ఫోన్ మంచిదైతే వాళ్ల ఫోన్లో. పక్కింటి పిల్ల ఒకామె గుంజాల లిపి నేర్చుకుంటోంది. రెండు పాటలు ఆ లిపిలో కూడా కొట్టి ఇచ్చింది, అవి వాటి తెలుగు ఫైళ్ల పక్కనే ఉన్నాయి. ఇంకా తేలని పాటలు చాలానే మిగిలాయి. దీపావళికి దండారి బయల్దేరేలోపు మార్లవాయి వైపు ఊళ్లవి ముగించి, ఆ తర్వాత నార్నూర్ వైపు వెళ్లాలని అనుకున్నాం.